జాబితాలో లేని చుట్టం

"ముందు ఆ గ్లాసు కింద పెట్టండి," అంది సుత్తమ్మ. "గ్లాసు చేతిలో ఉంటే దాని వెనకాల మొహం దాచుకుంటారు. ఇప్పుడు చెప్పండి. ఇది ఎప్పుడు రాశారు?"

డ్రాయింగు మాస్టారు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గ్లాసు చుట్టూ పడ్డ తడి మరకని, ప్లాస్టరు వేసిన చూపుడు వేలితో నెమ్మదిగా చెరపసాగాడు.

బల్ల మధ్యలో చింపిన కవరు. కాగితం మిల్లు నుంచి పొద్దున్నే వచ్చింది. అందులో రెండు కాగితాలు, రెంటికీ కలిపి ఒకటే జెమ్ క్లిప్పు. పైది ఆమె సంతకం పెట్టాల్సిన ప్రమాణ పత్రం. "ఈ కంపెనీతో గాని, దాని యజమానులతో గాని నాకు ఎటువంటి సంబంధమూ లేదు," అని మొదలై చుక్కల గీతతో ముగిసింది. రెండోది ఒక ఉత్తరం నకలు. చదవక్కర్లేకుండానే ఎవరు రాశారో తెలిసిపోయింది. అంత గుండ్రంగా, ఒక్కో అక్షరం మీదా కాసేపు కూర్చుని లేచినట్టు రాసే మనిషి ఆమెకు తెలిసి ఒక్కడే. ఆ చేతిరాత చూసే పెళ్ళికి ఒప్పుకుంది.

"గౌరవనీయులైన బావగారికి నమస్కారములు," అని పైకి చదివింది. "బావగారట! ఎవరికి ఎవరు బావ?"

"మిల్లు ఛైర్మను నిన్ను చెల్లెమ్మా అంటున్నాడు కదా," అన్నాడు మాస్టారు. "నీకు అన్నయ్య వరసైతే నాకు బావే అవుతాడు. వరస కలిపాను. అందులో నేరమేముంది?"

"మీ చెల్లెలు మీ బోర్డులో అడుగుపెట్టబోవుచున్న ఈ శుభసమయమున, గొట్టములకు ఇన్సులేషను చుట్టు పనిలో ఆరితేరిన మా తమ్ముడికి..." ఆమె గొంతు ఆగింది. "నా పేరు పెట్టి పని అడుక్కున్నారు."

"అడుక్కోలేదు. అడిగాను."

"నాకు చెప్పకుండా."

"చెబితే రాయనిచ్చేదానివా?"

"రాయనివ్వను కాబట్టే చెప్పాలి!"

పక్కగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు చేతిలో తువ్వాలుతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏవిటే అమ్మాయ్, పొద్దున్నే ఆ రంకెలు? పిలుపుల్లో వరసలు కలిపితే నిజంగా చుట్టాలైపోతారా? కూరగాయల వాడు నన్ను పెద్దమ్మా అంటాడు. అలాగని వాడికి ఇల్లు రాసిస్తానా?"

"ఇల్లు రాసివ్వరత్తయ్యా. నిన్న వాడు తూకంలో వేలు పెట్టాడని మీరే అన్నారు. వాణ్ణి అడిగారా?"

"పెద్దమ్మా, పెద్దమ్మా అని నోరారా పిలిచేవాణ్ణి ఎట్లా అడగను?"

"అదే మరి," అంది సుత్తమ్మ.

అత్తగారు తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచింది.

సుత్తమ్మ అన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఇరవై ఆరేళ్ళు ఆమె బాయిలర్ల ఇన్‌స్పెక్టరు. భుజాలు ముడుచుకుంటే గాని పట్టని కంతలోంచి బాయిలరు కడుపులోకి దిగి, చిన్న సుత్తితో ఇనుము మీద కొట్టి, ఆ చప్పుడు విని బీట ఎక్కడుందో చెప్పేది. లోకంలో అందరూ మాట్లాడి సుత్తి కొడతారు, ఈవిడొక్కతే నోరు విప్పకుండా కొడుతుందని కార్మికులు నవ్వుకునేవారు.

ఆ ఉద్యోగం వదిలాక ఆమెకు ఒకటే పట్టుదల. బోర్డులో స్వతంత్ర డైరెక్టరుగా, అంటే యజమానులకు ఏమీ కాని మనిషిగా, కూర్చోవాలి. బాయిలరు పేలాక బయట నిలబడి నివేదిక రాయడం కాదు, పేలకముందే లోపల కూర్చుని యజమానుల్ని అడగాలి. మొదటి కంపెనీవాళ్ళు, "మాకు కుర్చీల్లో కూర్చునేవాళ్ళు కావాలండీ, బాయిలర్లలో దూరేవాళ్ళు కాదు," అన్నారు. రెండోవాళ్ళు మూడు గంటలు బయట కూర్చోబెట్టి, మీవారేం చేస్తుంటారని అడిగి పంపేశారు. యాభై మూడేళ్ళ వయసులో కంపెనీల చట్టం బట్టీపట్టి, పరీక్ష రాసి గట్టెక్కాక దొరికిన మూడో అవకాశం ఈ మిల్లు. ఇది ఎప్పుడూ ఆమె తనిఖీ చేసిన మిల్లు కాదు. ఎల్లుండే వాటాదారుల సభ. ఈ సాయంత్రంలోగా ప్రమాణ పత్రం చేరకపోతే సభలో ఆమె పేరే రాదు.

"ఆయనకు నీమీద కోపం ఉంటే ఈ ఉత్తరం దాచుకుని రేపు బయటపెట్టేవాడు," అన్నాడు మాస్టారు. "మంచివాడు కాబట్టే నకలు పంపాడు."

"మంచితనమా ఇది? పలుపు తాడు పంపినట్టు పంపాడు. నా మెడ కొలత సరిపోయిందో లేదో చూసుకోమని!"

"ప్రతిదీ నీకు బీటలాగే వినిపిస్తుంది." మాస్టారు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. మొహం ఎర్రబడింది. "ఎనిమిది నెలలు వాడు పని లేకుండా ఈ ఇంట్లో గోడలు లెక్కపెట్టాడు. నీకు కనపడిందా? నువ్వు చట్టం పుస్తకంలో తల దూర్చి కూర్చున్నావు. ఇరవై ఆరేళ్ళు నేను సుత్తమ్మ మొగుణ్ణి. నేను ఎవరికైనా ఒక మాట చెబితే ఒక పని జరిగింది, ఈ ఒక్కసారి! ఉత్తరం అందిన మర్నాడే పిలిచి పనిచ్చాడు."

"మర్నాడే ఇచ్చాడంటే మీకు సంతోషం వేసింది. నాకు భయం వేస్తోంది."

"నీ స్వతంత్రం నీది. మేం మాత్రం ఎవరం నీకు?"

ఆ మాట తగిలింది. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారడం వినిపించింది. నెల రోజులుగా ఎవరో ఒకరు బాగుచేయిస్తారని ముగ్గురూ ఊరుకున్న కుళాయి అది.

అత్తగారే ముందు మాట్లాడింది. గొంతు తగ్గించి, కోడల్ని మంచి చేసుకోవడానికే.

"చిన్నాడు ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడో తెలుసా? ఆదివారం కూడా చేశాడు. ఛైర్మనుగారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారట, అయ్యేదాకా కదల్లేదట!"

సుత్తమ్మ తలెత్తింది.

గొట్టానికి ఇన్సులేషను చుట్టడానికి ఛైర్మను దగ్గరుండటం ఆమె ఎక్కడా వినలేదు. ఫోర్‌మను కూడా ఉండడు. అదీ ఆదివారం.

"ఏ గొట్టమత్తయ్యా?"

"ఏమో నాకేం తెలుసు. గొట్టాల్లో నాకు నువ్వొక్కదానివే తెలుసు."

ఇంకోరోజైతే నవ్వేది. మాస్టారి వంక చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగి, వేలి మీది ప్లాస్టరు అంచుని గోటితో లేపుతున్నాడు. ఆదివారం బడిలో చార్టులు చేస్తుంటే అట్ట కోసుకుందని చెప్పాడు.

ఆమె లోపలికి వెళ్ళి మేకుకు వేలాడుతున్న సుత్తి తీసి చేతిసంచిలో వేసుకుంది.

*

"రా చెల్లెమ్మా, రా! ఎండన పడి వచ్చావు. ముందు మంచినీళ్ళు తాగు," అన్నాడు ఛైర్మను.

మొదటిసారి కలిసినప్పుడు ఆయన "మేడమ్, మీరు" అన్నాడు. రెండోసారి "అమ్మా, మీరు". మూడోసారికి చెల్లెమ్మ అయింది. ఇవాళ "మీరు" కూడా పోయింది. మెట్లు దిగినట్టు ఒక్కోటే దిగుతూ వచ్చాడు.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద మూతలు పెట్టిన నీళ్ళ గ్లాసులు. గాజు బీరువాలో మిల్లు కాగితాల నమూనాలు దొంతరగా ఉన్నాయి. ఛైర్మనుకు కుడివైపు చెవుల డాక్టరుగారు కూర్చున్నారు. తొమ్మిదేళ్ళుగా ఈ మిల్లుకు ఆయనే స్వతంత్ర డైరెక్టరు. గడువు తీరి దిగిపోతున్నారు. కొత్తవాళ్ళని ఎంపిక చేసే కమిటీకి పెద్ద ఆయనే, ఆమె కూర్చోవలసిన కుర్చీ కూడా ఆయనదే. ఎడమవైపు కంపెనీ సెక్రటరీ. ఆ మనిషి రోజంతా తీర్మానాలు రాసి రాసి, మాట కూడా తీర్మానంలాగే మాట్లాడతాడు.

"ప్రమాణ పత్రము సంతకము లేకుండా తిరిగి వచ్చియున్నది," అన్నాడు సెక్రటరీ, ఆమె ఇచ్చిన కాగితం అటూ ఇటూ తిప్పి. "అయితే కింద చేతితో ఏదో వ్రాయబడియున్నది."

"చదవండి," అంది సుత్తమ్మ.

"'నా భర్త తమ్ముడు ఈ మిల్లులో గొట్టాల పని చేస్తున్నాడు. నా పేరు చెప్పి ఆ పని అడిగారు. నాకు తెలియకుండా అడిగారు. తెలిశాక దాచడం నాకు ఇష్టం లేదు.'"

ఛైర్మను హాయిగా నవ్వాడు.

"అయ్యో పిచ్చితల్లీ! ఇందుకా పొద్దుటి నుంచి మథనపడ్డావు? బాబాయ్, ఆ జాబితా చదువు. చుట్టాలంటే ఎవరెవరో చట్టంలోనే ఉంది."

సెక్రటరీ పుస్తకం తెరిచాడు. "భర్త లేక భార్య. తల్లి, తండ్రి. కుమారుడు, కుమార్తె, వారి భార్యాభర్తలు. సోదరుడు. సోదరి. అంతటితో జాబితా సమాప్తము. భర్త తమ్ముడు ఇందు కానరాడు."

"విన్నావా?" ఛైర్మను బల్ల మీద చిన్నగా తట్టాడు. "మరిది చుట్టం కాదు! చట్టమే చెబుతోంది. ఆ రాత కొట్టేసి సంతకం పెట్టు చెల్లెమ్మా. ఎల్లుండి సభలో దర్జాగా కూర్చుందువుగాని."

తేలిక దారి అది. ఒక గీత, ఒక సంతకం. రెండేళ్ళ చదువు, రెండు కంపెనీల గుమ్మాల బయట కూర్చున్న గంటలు అన్నీ ఆ గీతతో తీరిపోతాయి. ఇంట్లో కుర్చీ వెనక్కి నెట్టి లేచిన మనిషి మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. ఆమె పెన్ను మూత తీసింది కూడా.

"సెక్రటరీగారూ, ఆ జాబితాలో చివరి మాట మళ్ళీ చదవండి."

"సోదరి," అన్నాడు సెక్రటరీ.

"మరిది చుట్టం కాదు, సరే. చెల్లెలు మాత్రం చుట్టమేగా. జాబితాలో ఉందిగా." ఆమె పెన్ను మూత మళ్ళీ బిగించింది. "ఏదో ఒకటి తేల్చుకోండి. నేను మీ చెల్లెల్నైతే ఈ కుర్చీకి పనికిరాను. కాకపోతే అలా పిలవకండి."

చెవుల డాక్టరుగారికి దగ్గు వచ్చింది. నవ్వు ఆపుకుంటే వచ్చే దగ్గు.

ఛైర్మను నవ్వు మాత్రం పెదాల మీదే ఉండిపోయి, కళ్ళలోంచి పోయింది. "మర్యాదకి పిలిచానమ్మా. పెద్ద మనసుతో పిలిచాను. దానికీ సెక్షన్లు చూపిస్తావా?"

"ఇరవై ఆరేళ్ళు నన్ను అందరూ మేడమ్ అన్నారు. ఆ మర్యాద నాకు సరిపోయింది. డాక్టరుగారు మీకేమవుతారు?"

"బావ," అన్నాడు ఛైర్మను, అలవాటుగా. అనేశాక పళ్ళు బిగించాడు.

"సెక్రటరీగారూ, మిమ్మల్ని?"

సెక్రటరీ కళ్ళజోడు సవరించుకున్నాడు. "నన్ను బాబాయ్ అని సంబోధించుట జరుగుచున్నది."

"ఈ గదిలో అందరూ చుట్టాలే," అంది సుత్తమ్మ. ఆమె గొంతు పెంచలేదు. "నిజం చుట్టం ఒక్కడుంటే వాడేమో జాబితాలో లేడు. చుట్టాలన్నాక ఎవర్ని ఎవరు అడుగుతారు? మా అత్తగారు కూరగాయల వాణ్ణే అడగలేకపోతోంది."

"అతిగా మాట్లాడుతున్నావు."

"అసలింకా మాట్లాడలేదు. ఆదివారం మా మరిది చుట్టిన గొట్టం నేను చూడాలి. చూశాక సంతకం పెడతాను."

ఛైర్మను ఒక గ్లాసు మూత తీసి, నీళ్ళు తాగకుండానే మళ్ళీ మూత పెట్టాడు.

"ఇవాళ మిల్లుకు సెలవు. బాయిలరు ఆగి ఉంది. ఎవరూ ఉండరు."

"ఆగి ఉంటే మరీ మంచిది. గొట్టం చల్లగా ఉంటుంది."

"డైరెక్టరు కాకముందే తనిఖీలా?"

"అయ్యాక చెల్లెల్నైపోతాను. అందుకే ముందే చూస్తానంటున్నా."

ఛైర్మను డాక్టరుగారి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు బావా."

డాక్టరుగారు బల్ల మీద చేతులు ఆన్చి లేచారు. "ముప్ఫై అయిదేళ్ళు జనం చెవుల్లోకి చూశానమ్మా," అన్నారు ఆమెతో. "ఈ గదిలో మాత్రం నా చెవులు పని చెయ్యలేదు. వచ్చిన మొదటి వారమే బావనయ్యాను. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా బాయిలరు గది గుమ్మం తొక్కలేదు. పదండి, నేనూ వస్తాను."

"తాళం లేదు!" ఛైర్మను గొంతు మొదటిసారి లేచింది. "తాళం ఫోర్‌మను దగ్గరుంది!"

సెక్రటరీ సొరుగు లాగాడు. చేతిలో తాళంచెవుల గుత్తి గలగలమంది.

"రెండవ జత," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా, "ఈ సొరుగునందు భద్రపరచబడియున్నది."

*

తాళం అవసరం లేకపోయింది. బాయిలరు గది తలుపు తెరిచే ఉంది. లోపల మరిది నిచ్చెన మీద నిలబడి రేకుల అతుకులకు రంగు వేస్తున్నాడు. వదినను చూసి కుంచె డబ్బాలో జారవిడిచాడు.

"వదినా! నువ్వెందుకొచ్చావు?"

"నీ పని చూద్దామని. ఎనిమిది నెలల తర్వాత దొరికిన పని కదా, చూడొద్దూ?"

వాడి మొహం ఒక్కక్షణం వెలిగి, ఆమె వెనకాల ఛైర్మనును చూసి ఆరిపోయింది.

బాయిలరు నుంచి కాగితం ఆరబెట్టే రోలర్ల దాకా గొట్టం మనిషి తలకు మూరెడు ఎత్తున సాగిపోయింది. దాని చుట్టూ దూదిలాంటి ఇన్సులేషను, దానిపైన తళతళలాడే కొత్త రేకు. పని చక్కగానే ఉంది. అతుకు మీద అతుకు, స్క్రూకీ స్క్రూకీ మధ్య జానెడు ఎడం. గొట్టం మలుపు తిరిగేచోట, సరిగ్గా దాని కింద, కాగితాలు ఏరే ఆడవాళ్ళ బల్ల ఉంది. బల్ల వెంట ఆరు పాతగుడ్డల మెత్తలు. ఒక మెత్త మీద ఎవరిదో దువ్వెన.

సుత్తమ్మ సుత్తి తీసింది. బోర్లించిన డబ్బా ఎక్కి గొట్టం వెంట రేకు మీద మెల్లగా కొట్టుకుంటూ వచ్చింది. బొద్. బొద్. బొద్. కింద దూది ఉంటే ఆ చప్పుడే రావాలి. డబ్బా జరుపుకుంది. బొద్. బొద్.

మలుపు దగ్గర, ఠక్.

చెయ్యి ఆగింది. మళ్ళీ కొట్టింది. ఠక్. దూది కింద ఇనుము ఉంది. గొట్టం కంటే పైకి లేచి, జానెడు వెడల్పున, గొట్టాన్ని చుట్టుకుని.

"డాక్టరుగారూ, విన్నారా?"

"విన్నాను," అన్నారు ఆయన. "తేడా ఉంది. ఏమిటది?"

"పట్టీ. ఆవిరి గొట్టానికి బీట పడి ఆవిరి కారుతుంటే, గొట్టం మార్చకుండా మీద ఇనుప పట్టీ బిగిస్తారు. పట్టీ కనపడకుండా ఇన్సులేషను చుడతారు. ఆ చుట్టే పని ఎవరికిస్తే రేపు బోర్డులో ఎవరూ నోరెత్తరో, వాళ్ళకిస్తారు." ఆమె ఛైర్మను వైపు తిరిగింది. ఇందాకటి నుంచి బిగబట్టిన కోపం గొంతులోకి వచ్చేసింది. "ఆరు మెత్తలున్నాయండీ దీని కింద! ఆరుగురి తలలున్నాయి! వీటి మీదా మీరు వరసలు కలిపింది?"

"ఏరా," అంది మరిదితో, "నీకు తెలుసా?"

"చుట్టమన్నారు, చుట్టాను వదినా. ఎందుకని అడిగితే, 'ఇంట్లో మనిషివి, నువ్వే అడిగితే ఎట్లా' అన్నారు."

"దిగు. స్క్రూడ్రైవరు ఇవ్వు. ఈ రేకు విప్పాలి."

"విప్పొద్దు వదినా."

"ఇవ్వమన్నానా!"

"పని పోతుందని కాదు వదినా. పోతే పోయింది. విప్పొద్దు." వాడు స్క్రూడ్రైవరున్న చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు చూసింది ఆమె. రేకు అంచు మీద, అతుకు కిందికి దాదాపు మడిచేసిన చోట, పెన్సిలుతో వేసిన కొలతలు ఉన్నాయి. మలుపుకు రేకు వంపుగా కోయాలంటే ముందు గీత గీసేవాళ్ళు కావాలి. గీసినవాడు ముక్క నంబరు కూడా వేశాడు. ఏడు. గుండ్రంగా, తీరుగా, దాని మీద కాసేపు కూర్చుని లేచినట్టు వేసిన ఏడు. పక్కనే మూడు మాటలు: "పట్టీ మీది ముక్క."

అంచు పదునుగా ఉంది. మాస్టారి వేలికి కోసుకుంది అట్ట కాదు, ఈ రేకే.

ఆమె డబ్బా మీద నిలబడే ఉంది. సుత్తి పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. స్క్రూడ్రైవరు కోసం చాచిన చెయ్యి మాత్రం అలాగే ఉంది. సంతకం లేని ప్రమాణ పత్రం సెక్రటరీ చేతిలో రెపరెపలాడింది.

ఛైర్మను రెండడుగులు ముందుకు వేశాడు. గొంతులో కోపం లేదు. మొదటిరోజు మాట్లాడినంత మర్యాదగా మాట్లాడాడు.

"ఆ ముక్క విప్పితే ఎవరి చేతిరాత బయటపడుతుందో చూసుకున్నారు కదా. జాబితాలో భర్త ఉన్నాడు. ఇప్పుడు చెప్పండి మేడమ్, విప్పమంటారా?"